ఆ చుక్క దగ్గరికే తిరిగొచ్చారు

బళ్లో కుదురుగా కూర్చోని పిల్లాడికి మాస్టారు గోడమీద ఓ చుక్క పెట్టి చూపించారు. ఆ పిల్లాడు పెద్దవాడై పారిస్ వెళ్లాడు. పేరు తెచ్చుకున్నాడు. యాభై ఏళ్లు దాటాక ఆ చుక్కే మళ్లీ కళ్లముందుకొచ్చింది. చిత్రకారుడు ఎస్.హెచ్. రజా కథ ఇది.

తెల్లారగానే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గుపిండి చేతిలోకి తీసుకున్న ఇల్లాలు మొట్టమొదట చేసే పనేంటి? చుక్క పెట్టడం. దాని పక్కన ఇంకోటి, ఆ పక్కన మరోటి. గీతలన్నీ ఆ తర్వాతే. చుక్క తప్పితే ముగ్గంతా తప్పుతుంది. మనిళ్లలో రోజూ జరిగే ఈ పని గురించి ఆగి ఆలోచించే తీరిక మనకెక్కడిది? కానీ ఒకే ఒక్క చుక్కను పట్టుకుని ముప్పై ఏళ్లకు పైగా బొమ్మలు వేసిన చిత్రకారుడు ఒకరున్నారు. దాన్ని ఆయన 'బిందు' అన్నారు. సృష్టి మొత్తం అందులోంచే మొలకెత్తుతుందని నమ్మారు. ఆయనే సయ్యద్ హైదర్ రజా.

రజా వేసిన 'సౌరాష్ట్ర' అనే చిత్రం 2010లో లండన్‌లో జరిగిన క్రిస్టీస్ వేలంలో 16 కోట్ల రూపాయలకు పైగా పలికింది. 'గెస్టేషన్' అనే మరో చిత్రం 2023లో ఏకంగా 51.75 కోట్లకు అమ్ముడుపోయింది. పేపర్లో ఆ బొమ్మ చూసినవాళ్లలో చాలామందికి వచ్చే అనుమానం ఒకటే. 'నల్లటి గుండ్రం, చుట్టూ నాలుగు త్రిభుజాలు... దీనికి అన్ని కోట్లా? మా చంటాడు కూడా వేస్తాడు కదా!' అని.

నిజమే, వేయొచ్చు. కాకపోతే ఆ గుండ్రం దగ్గరికి రావడానికి రజాకు యాభై ఏళ్లకు పైనే పట్టింది. ఆ దారిలో ఆయన ఏమేం పోగొట్టుకున్నారో, ఏం వెతుక్కున్నారో తెలిస్తే ఆ బొమ్మ ఇంకోలా కనిపిస్తుంది.

అడవిలో చీకటి... గోడమీద చుక్క

ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లాలో బాబరియా అని ఓ చిన్న పల్లె. 1922 ఫిబ్రవరి 22న రజా పుట్టిందక్కడే. తండ్రి మహమ్మద్ రజీ అటవీశాఖలో డిప్యూటీ రేంజరు. తల్లి తాహిరా బేగం. చుట్టూ దట్టమైన అడవులు. నర్మదా నది పారే సీమ అది. పగలంతా బాగానే ఉండేది. పొద్దుగూకితే మాత్రం పిల్లాడికి గుండెలు జారిపోయేవి. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. గోండులు ఆడిపాడే రాత్రుల్లో మనుషుల అలికిడి వినిపించి కాస్త ధైర్యమొచ్చేది. తెల్లారి సూర్యుడు కనిపిస్తే ప్రాణం లేచొచ్చేది. ఇక సంత రోజైతే పండగే. ఎటు చూసినా రంగులే! అడవిలో చూసిన ఆ చీకటీ, ఆ సూర్యుడూ, సంతలోని ఆ రంగులూ... తర్వాత ఆయన బొమ్మల్లో కనిపించేవన్నీ ఇవే. అయితే ఆ సంగతి ఆయనకు తెలిసిరావడానికి చాలా కాలం పట్టింది.

ఆ పిల్లాడు చదువుకున్నది కకైయా పల్లెలోని బడిలో. మనసు ఒకచోట నిలిచేది కాదు. కళ్లు పుస్తకం మీద, ధ్యాస కిటికీ అవతల. నందలాల్ ఝరియా అనే ఉపాధ్యాయుడు ఇది గమనించారు. తిట్టలేదు, కొట్టలేదు. అందరూ వెళ్లాక కుర్రాణ్ని వరండాలో కూర్చోబెట్టి, తెల్లటి గోడమీద ఓ చుక్క పెట్టారు. మిగతావన్నీ మరిచిపోయి దాన్నే చూస్తూ ఉండమన్నారు. మొదట్లో పిల్లాడికి అది శిక్షలానే అనిపించింది. చూడగా చూడగా చుట్టూ ఉన్న గోల సద్దుమణిగింది. చూపు నిలిచింది. మనసూ నిలిచింది. అదే ఆయనకు మొదటి పాఠం. ఆ మాస్టారి పేరు రజా చివరిదాకా మర్చిపోలేదు. ప్రపంచ ప్రఖ్యాతి పొందాక కూడా ఎవరు అడిగినా ఈ కథ చెప్పేవారు.

దేశం రెండైంది... ఇల్లూ చెదిరింది

బొమ్మల మీద ఇష్టంతో రజా 1939లో నాగపూర్ కళాపాఠశాలలో చేరారు. అక్కణ్నుంచి 1943లో బొంబాయి వెళ్లారు. జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదవాలంటే డబ్బు కావాలి. పగలు ఓ బ్లాకుల స్టూడియోలో పనిచేస్తూ, తీరిక దొరికితే బొంబాయి వీధుల్ని నీటిరంగుల్లో వేసేవారు. వానలో తడిసిన రోడ్లు, రద్దీ బజార్లు, పాత మేడలు... అప్పటికి ఆయన వేసినవన్నీ కంటికి కనిపించేవే. నాజీల బారినుంచి తప్పించుకుని బొంబాయి చేరిన కొందరు యూరోపియన్లు ఈ కుర్రాడిలో పస ఉందని గుర్తించారు. టైమ్స్ ఆఫ్ ఇండియా ఆర్ట్ డైరెక్టరు వాల్టర్ లాంగ్‌హామర్, కళావిమర్శకుడు రుడాల్ఫ్ వాన్ లైడన్ వాళ్లలో ముఖ్యులు.

1947లో ఎఫ్.ఎన్. సౌజా, ఎం.ఎఫ్. హుస్సేన్, కె.హెచ్. ఆరా, హెచ్.ఎ. గాడే, ఎస్.కె. బాక్రేలతో కలిసి రజా 'ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్'ను మొదలుపెట్టారు. దేశంతోపాటే బొమ్మకీ స్వేచ్ఛ కావాలన్నది ఆ కుర్రాళ్ల పట్టుదల. చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా మాటల్లో మాత్రం కోటలు దాటేవారు. ఆ ఆరుగురిలో చాలామంది తర్వాత భారతీయ చిత్రకళకు దిక్సూచులయ్యారు.

అదే ఏడు ఇంట్లో మాత్రం పిడుగుపడింది. 1947లో తల్లి చనిపోయింది. మరుసటేడు తండ్రీ పోయారు. దేశం రెండు ముక్కలైంది. తోబుట్టువుల్లో చాలామంది పాకిస్థాన్ వెళ్లిపోయారు. మొదటి భార్యా వెళ్లిపోయింది. రజాకు అప్పటికి నిండా ఇరవై ఆరేళ్లు. రమ్మని పిలిచేవాళ్లు అటున్నారు. ఇటు చూస్తే అమ్మానాన్నల సమాధులు తప్ప ఏమీ మిగల్లేదు. అయినా ఆయన కదల్లేదు. ఇది నా దేశం, నేనెక్కడికీ వెళ్లనన్నారు. చిన్నతనంలో మండ్లాకు వచ్చిన గాంధీజీని చూడటం తన మనసులో బలంగా నాటుకుందనీ, ఆ గాంధీ పుట్టిన నేలను వదిలి వెళ్లడం ద్రోహమనిపించిందనీ తర్వాతి కాలంలో చెప్పుకొన్నారు.

విచిత్రమేంటంటే, అలా నిలబడిపోయిన మనిషే మూడేళ్లలో దేశం దాటాల్సి వచ్చింది. కాకపోతే కారణం వేరు.

'గోడలున్నాయి, పునాది లేదు'

1948లో రజా కశ్మీర్ వెళ్లి బొమ్మలు వేస్తున్నారు. ప్రసిద్ధ ఫ్రెంచ్ ఫొటోగ్రాఫరు ఆన్రీ కార్టియే బ్రెసోన్ అప్పుడు శ్రీనగర్‌లో ఉన్నారు. ఆయన రజా బొమ్మలు చూశారు. ప్రతిభ ఉందన్నారు. వెంటనే ఓ చురకా అంటించారు. ఇల్లు కట్టడానికి పునాది, స్తంభాలు, దూలాలు ఎలాగో బొమ్మకీ ఓ కట్టడం ఉండాలి, నీ బొమ్మల్లో అది లేదు, వెళ్లి సెజాన్ చిత్రాలు చూడమన్నారు. మరొకరైతే నొచ్చుకునేవారే. రజా బొంబాయికి తిరిగొచ్చి ఫ్రెంచ్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్ సంపాదించి 1950లో పారిస్ చేరారు. అక్కడి ప్రఖ్యాత కళాశాల 'ఎకోల్ దే బోజార్'లో 1953 దాకా చదివారు.

సెజాన్, వాంగో, గోగాన్... పుస్తకాల్లో చూసిన బొమ్మలు ఇప్పుడు ఎదురుగా! బొమ్మను ఎలా కట్టాలో రజాకు అర్థమైంది. ఫ్రాన్స్ పల్లెలు, చర్చి గోపురాలు, పెంకుటిళ్లు దట్టమైన నూనెరంగుల్లో వేశారు. 1956లో ఆయనకు 'ప్రీ ద లా క్రిటిక్' పురస్కారం వచ్చింది. పారిస్ కళావిమర్శకులు ఇచ్చే ఆ గౌరవం ఫ్రాన్స్‌లో పుట్టని కళాకారుడికి దక్కడం అదే మొదటిసారి. మూడేళ్ల తర్వాత, కళాశాలలో తనతో చదువుకున్న చిత్రకారిణి జనీన్ మోంజిలాను పెళ్లాడారు. ఆమె తన తల్లిదండ్రులకు ఒక్కగానొక్క కూతురు. వాళ్లను వదిలి రాలేదు. రజాయే అక్కడ ఉండిపోయారు. అయితే భారత పౌరసత్వాన్ని మాత్రం వదులుకోలేదు.

1962లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి వెళ్లినప్పుడు మార్క్ రోత్కో చిత్రాలు చూశారు. వాటిలో ఇల్లూ లేదు, చెట్టూ లేదు. విశాలమైన రంగు తప్ప మరేమీ లేదు. అయినా వాటిముందు నిలబడితే గుడిలో నిలబడ్డట్టే ఉంటుంది. రజా కుంచెకు కట్లు తెగాయి. పల్లెలూ ఇళ్లూ మెల్లగా కరిగిపోయాయి. రంగులే మిగిలాయి. నైరూప్య చిత్రకళలోకి ఆయన అడుగుపెట్టింది అలాగే.

అన్నీ ఉన్నా ఏదో లేదు

పేరు వచ్చింది, డబ్బూ వచ్చింది. పారిస్‌లో ఇల్లు, దక్షిణ ఫ్రాన్స్‌లోని గోర్బియో అనే కొండపల్లెలో స్టూడియో, తోడుగా అర్థం చేసుకునే భార్య. ఇంకేం కావాలి? కానీ 1970ల్లో రజాకు ఓ ప్రశ్న నిద్రపట్టనివ్వలేదు. ఇవన్నీ బాగానే ఉన్నాయి, ఇందులో నాదంటూ ఏముంది? కట్టడం నేర్పింది ఫ్రాన్స్. స్వేచ్ఛ నేర్పింది అమెరికా. మరి మండ్లా అడవి ఏది? నర్మద ఏది?

ఆ ప్రశ్నే ఆయన్ని పదేపదే ఇండియా రప్పించింది. అజంతా, ఎల్లోరా చూశారు. కాశీ ఘాట్లలో తిరిగారు. రాజస్థాన్, గుజరాత్ వెళ్లి అక్కడి ఎరుపులూ పసుపులూ కళ్లనిండా నింపుకొన్నారు. మేవారు, మాళవ పాలకుల కాలంనాటి చిన్న చిత్రాల్లో ఒక్కో రాగానికి ఒక్కో రంగు ఎలా అద్దారో పరిశీలించారు. ఉపనిషత్తులు, కబీరు, తులసీదాసు, గాలిబ్... చదివినవాటిలో నచ్చిన మాటల్ని నోటుపుస్తకంలో దేవనాగరిలో రాసుకునేవారు.

అలా వెతుకుతుండగా కళ్లముందుకొచ్చింది కకైయా బడి వరండా, ఆ గోడ, దానిమీది చుక్క. 1970ల చివర్లో ఆ చుక్క కాన్వాసు మీదికి దిగింది. పెద్ద నల్లటి సూర్యుడిలా, చీకటిలోంచి పుట్టబోతున్న వెలుగులా. అక్కణ్నుంచి రజా వెనుదిరిగి చూడలేదు.

రంగులే మంత్రాలు

రజా బొమ్మను చూసి 'ఇదేంటి' అని తికమకపడాల్సిన పన్లేదు. అందులో ఆయన పెట్టుకున్న లెక్క తేలికైందే. మధ్యలో ఉన్న చుక్క బీజం. విత్తు భూమిలో ఉన్నంతసేపూ ఏమీ కనిపించదు, కానీ చెట్టంతా అందులోనే ఉంటుంది. అందుకే ఆయన చాలా చిత్రాలకు 'అంకురణ్', 'బీజ్' లాంటి పేర్లు పెట్టారు. పైకి చూసే త్రిభుజం పురుషుడు. కిందికి చూసే త్రిభుజం ప్రకృతి. రెండూ కలిస్తే సృష్టి. తెలుపు, నలుపు, ఎరుపు, పసుపు, నీలం... ఈ అయిదు రంగులూ నేల, నీరు, నిప్పు, గాలి, ఆకాశాలకు గుర్తులు. వాటిలో నలుపు తల్లిలాంటిదనేవారు. మిగతా రంగులన్నీ దాన్లోంచే పుడతాయట. అడవిలో చీకటికి భయపడిన పిల్లాడు పెద్దయ్యాక ఆ చీకటినే తల్లి అని పిలవడం చిన్న సంగతేం కాదు.

పని చేసే తీరులోనూ అంతే శ్రద్ధ. స్టూడియో ఆయనకు పూజగదితో సమానం. మనసు కుదుటపడ్డాకే కుంచె పట్టేవారు. బొమ్మ వేయడమంటే ప్రార్థన చేయడమేననేవారు. నమాజు చేసే కుటుంబంలో పుట్టిన ఆ మనిషి మసీదుకు వెళ్లేవారు, గుడికీ చర్చికీ కూడా వెళ్లేవారు. అన్నిచోట్లా ఒకే భక్తితో తలవంచేవారు. అది పదిమంది మెప్పుకోసం చేసింది కాదు. అడవిలో గోండుల పాటలు వింటూ, ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, బళ్లో హిందీ మాస్టార్ల దగ్గర చదువుకుంటూ పెరిగినవాడికి అది సహజంగా అబ్బింది.

1981లో వేసిన 'మా' అనే చిత్రం అడుగున మిత్రుడు, హిందీ కవి అశోక్ వాజపేయి కవితలోని ఒక వాక్యాన్ని దేవనాగరిలో రాశారు. అమ్మ దగ్గరికి తిరిగివెళ్లే కొడుకు మనసులోని మాట అది. ఫ్రాన్స్‌లో మూడు దశాబ్దాలు గడిపాక, తల్లి పోయిన ముప్పైనాలుగేళ్లకు వేసిన బొమ్మ. దాన్ని పారిస్‌లో చూసినవాళ్లలో ఎంతమందికి ఆ అక్షరాలు చదవడం వచ్చి ఉంటుంది? అయినా రాశారు. బహుశా ఆ మాట తనకోసం తాను రాసుకున్నదే.

ఇలాంటి దారిలో నడిచినవాళ్లు తెలుగునాటా ఉన్నారు. 1915లో కరీంనగర్ జిల్లా అన్నవరంలో పుట్టిన పి.టి. రెడ్డి కూడా బొంబాయి జేజే స్కూల్లోనే చదువుకున్నారు. హైదరాబాద్‌లో స్థిరపడి, కుండలిని, చక్రాలు, యంత్రాల్లాంటి తాంత్రిక చిహ్నాలతో ఎన్నో చిత్రాలు వేశారు. పాశ్చాత్య పద్ధతిలో శిక్షణ పొంది, సగం జీవితం గడిచాక మన మూలాలవైపు తిరిగిన తరం వాళ్లది.

ఒకే చుక్క ఎన్నిసార్లు?

అందరూ మెచ్చుకున్నారనుకుంటే పొరపాటే. వేసిందే వేస్తున్నారనీ, చుక్క ఆయనకు అమ్ముడుపోయే గుర్తుగా మారిందనీ విమర్శలొచ్చాయి. వాటిలో కొంత నిజం లేకపోలేదు. చివరి ఏళ్లలో వేసినవన్నీ ఒకే స్థాయిలో లేవన్నవాళ్లున్నారు. రజా మాత్రం దీన్ని జపమాలతో పోల్చారు. రామనామం రోజూ అదే, అల్లా పేరూ రోజూ అదే. వందసార్లు పలికినవాడికి నూటొకటోసారి కొత్తగా వినిపించొచ్చు. తనకు చుక్క కూడా అలాంటిదేనన్నారు.

విలువ పెరిగితే నకిలీలు పుట్టుకురావడం లోకరీతి. 2009లో ఢిల్లీలోని ఒక గ్యాలరీలో రజా పాత చిత్రాల ప్రదర్శన పెట్టారు. ప్రారంభించడానికి ఆయన్నే పిలిచారు. ఎనభై ఆరేళ్ల వయసులో ఎంతో సంబరంగా వచ్చిన పెద్దాయన, గోడలమీది బొమ్మలు ఒక్కోటీ చూస్తూ అవాక్కయ్యారు. వాటిలో చాలావరకు తను వేసినవి కావు! ప్రదర్శన ఆగిపోయింది. కోట్లు పలికేది సంతకం కావచ్చు. చుక్కలో ఏముందో మాత్రం దాన్ని వేసిన చేతికే తెలుసు.

తండ్రి పక్కన

2002లో జనీన్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. పిల్లల్లేరు. అంత పెద్ద ఇంట్లో రజా ఒంటరైపోయారు. 2010 చివర్లో, ఎనభై ఎనిమిదేళ్ల వయసులో, అరవై ఏళ్ల ఫ్రాన్స్ జీవితాన్ని సర్దుకుని ఢిల్లీ వచ్చేశారు. ఆ వయసులో ఊరు మారడమే కష్టం, ఆయన ఏకంగా ఖండమే మారారు. అంతకుముందే ఏర్పాటు చేసిన రజా ఫౌండేషన్‌కు తన సంపాదనను మళ్లించి యువ చిత్రకారులకు, కవులకు, నర్తకులకు, సంగీతకారులకు సాయం చేశారు. చక్రాల కుర్చీలోకి చేరాక కూడా కుంచె వదల్లేదు. గాంధీజీకి అంకితంగా ఓ చిత్రమాల వేశారు. 1981లో పద్మశ్రీ, 2007లో పద్మభూషణ్, 2013లో పద్మవిభూషణ్... గౌరవాలకు కొదవలేదు. 2015లో ఫ్రాన్స్ తన అత్యున్నత పురస్కారం 'లీజియన్ ఆఫ్ ఆనర్' ఇచ్చింది.

2016 జులై 23న ఢిల్లీలో రజా కన్నుమూశారు. వయసు తొంభై నాలుగు. తనను పారిస్‌లోనో, ఢిల్లీలోనో కాదు, మండ్లాలో నాన్న సమాధి పక్కనే పడుకోబెట్టమని ముందే చెప్పిపెట్టుకున్నారు. అలాగే చేశారు. 1948లో 'నేనెక్కడికీ వెళ్లను' అన్న కొడుకు, లోకమంతా తిరిగొచ్చి మాట నిలబెట్టుకున్నాడు. ఏడేళ్ల తర్వాత, 2023లో పారిస్‌లోని పాంపిడూ సెంటర్ ఆయన చిత్రాలతో పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేసింది. కుర్రాడిగా పాఠం నేర్చుకోవడానికి వెళ్లిన ఊళ్లో జనం ఆయన చుక్క ముందు నిలబడి చూశారు.

ఇంతకీ ఆ చుక్కలో ఏముంది? చూడమన్న మాస్టారూ ఏమీ చెప్పలేదు. చూస్తూ ఉండమన్నారంతే. టీవీ, సెల్‌ఫోను మధ్య పిల్లల చూపు ఒక్కచోట నిలవడంలేదని బాధపడే అమ్మానాన్నలు మనలో చాలామందే. ఈసారి వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. గీతలు గీయకముందు, మొదటి చుక్క పెట్టాక, కాసేపు ఆగి దాన్నే చూడమనండి. వాళ్లకేం కనిపించిందో ఆ తర్వాత తీరిగ్గా అడగొచ్చు.